ఫొటో ఆవిడది, వ్యాసం వాళ్లదా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం అనుబంధంలో పాత రాక్ ఆల్బమ్స్ మీద వేస్తున్న సిరీస్ నేను వదలకుండా చదువుతా, సినిమా పాట కాని సంగీతానికి తెలుగు పేపర్లో అరపేజీ దొరకడమే గొప్ప, అందుకు ముందుగా థాంక్స్. కానీ పోయిన వారం గార్బేజ్ అనే రాక్ బ్యాండ్ 1995 నాటి మొదటి ఆల్బమ్ మీద వచ్చింది చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. ఫొటో చూస్తే బ్యాండ్ సింగర్ షర్లీ మాన్సన్‌ది, పేజీలో పావు వంతు ఆవిడే, ఎర్ర జుట్టు, కాటుక కళ్లు. కింద వ్యాసం చూస్తే మొత్తం బ్యాండ్ డ్రమ్మర్ బుచ్ విగ్. ఆవిడ గురించి ఉన్నది రెండే వాక్యాలు, ఒకటి అందం గురించి, ఇంకోటి వాయిస్ సెక్సీగా ఉంటుందని. మెషీన్ల సౌండ్ అంతా మగాళ్లు చేశారు, ముందు నిలబడటానికి ఒక అమ్మాయి కావాల్సొచ్చింది అన్నట్టు రాశారు. ఆ ఆల్బమ్ విన్నవాళ్లెవరికీ అలా అనిపించదు అని నా గట్టి నమ్మకం.

వ్యాసంలో పేర్లు, ఏళ్ల దగ్గర తప్పుల్లేవు అనే ఒప్పుకుంటా. 1991లో నిర్వాణా బ్యాండ్ నెవర్‌మైండ్ ఆల్బమ్‌కి ప్రొడ్యూసర్ (డబ్బు పెట్టేవాడు కాదు, స్టూడియోలో రికార్డింగ్ నడిపేవాడు) బుచ్ విగ్గే, 1993లో స్మాషింగ్ పంప్‌కిన్స్‌కి సయామీస్ డ్రీమ్ చేసింది కూడా ఆయనే. ఈ బ్యాండ్‌లోనే ఉన్న స్టీవ్ మార్కర్‌తో కలిసి 1983లో అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో స్మార్ట్ స్టూడియోస్ పెట్టాడు. వీళ్లిద్దరూ, బ్యాండ్‌లో మూడో అతను డ్యూక్ ఎరిక్సన్, ముగ్గురూ అప్పటికే చెయ్యి తిరిగినవాళ్లు. మార్కర్ ఒక రాత్రి ఎంటీవీలో ఏంజెల్‌ఫిష్ అనే స్కాట్లండ్ బ్యాండ్ వీడియో చూసి అందులో పాడే మాన్సన్ గురించి మిగతా ఇద్దరికీ చెప్పడం కూడా నిజమే. కానీ మీ వ్యాసం అక్కడితో ఆగిపోయింది, అసలు కథ మొదలయ్యేదే అక్కడ.

గార్బేజ్ పుట్టింది రీమిక్సుల్లోంచి. విగ్, మార్కర్ అప్పట్లో నైన్ ఇంచ్ నెయిల్స్, యూ2 లాంటి బ్యాండ్‌ల పాటలకి రీమిక్సులు చేసేవాళ్లు. వాళ్ల పద్ధతి ఏంటంటే పాటలో గొంతు ఒక్కటే ఉంచుకుని మిగతా వాయిద్యాలన్నీ తీసేయడం, తర్వాత ఆ గొంతు చుట్టూ కొత్త డ్రమ్స్, కొత్త గిటార్, సాంప్లర్‌లో (శబ్దాన్ని రికార్డు చేసుకుని మళ్లీ వాయించే మెషీన్) తిప్పిన శబ్దాలు, అన్నీ కొత్తగా కట్టుకుంటూ రావడం. దీన్నే సొంత బ్యాండ్‌గా చేస్తే ఎలా ఉంటుంది అని వచ్చిన ఆలోచనే గార్బేజ్. ఇప్పుడు మీరే చెప్పండి, అన్నీ మార్చేయొచ్చు గొంతు మాత్రం మార్చకూడదు అనే లెక్కలో పని చేసేవాళ్లకి సింగర్ అలంకారమా పునాదా? గొంతు సరిగ్గా లేకపోతే ఆ మెషీన్లన్నీ ఎంత మోగినా దండగే.

ఆవిడ వెంటనే వచ్చి మైకు ముందు నిలబడి పాడేసిందేం లేదు. 1994 ఏప్రిల్ 8న లండన్‌లో మొదటిసారి నలుగురూ కలుసుకున్నారు, నిర్వాణా సింగర్ కర్ట్ కొబెయిన్ చనిపోయాడని ప్రపంచానికి తెలిసింది కూడా ఆ రోజే, తను ప్రొడ్యూస్ చేసిన కుర్రాడి చావు వార్త విగ్‌కి ఆ పూటే అందింది. తర్వాత మాన్సన్ మాడిసన్ వెళ్లి ఆడిషన్ ఇస్తే అది దారుణంగా పోయింది. ట్రాక్ ప్లే చేస్తాం, దానికి తోచిన ట్యూను, తోచిన మాటలు నువ్వే పెట్టుకో అన్నారు, ఆవిడకి అప్పటిదాకా అలా చేసే అలవాటే లేదు. ఎడింబరోలో గుడ్‌బై మిస్టర్ మెకెంజీ అనే బ్యాండ్‌లో ఏళ్ల తరబడి కీబోర్డు వాయిస్తూ వెనక నిలబడి పాడిన మనిషి. ఏంజెల్‌ఫిష్ మూతపడ్డాక మళ్లీ వెళ్లింది, ఈసారి కుదిరింది. అలా మొదలై ఆవిడ రాయడం నేర్చుకుంది, ఇక ఈ ఆల్బమ్‌లో పాటల క్రెడిట్ ఎలా వేసుకున్నారో కవర్ తిప్పి చూడండి. నలుగురి పేరు మీదా ఉంటుంది, సమానంగా. మీ వ్యాసంలో ఆ ముక్క రాలేదు.

సరే, ఆల్బమ్ దగ్గరికి వద్దాం. మొదటి పాట సూపర్‌విక్సెన్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. గిటార్ దడదడలాడుతూ వస్తుంది, ఠక్కున ఆగుతుంది. మెల్లగా తగ్గిపోవడం కాదు, ప్రతిధ్వని లేదు, తోక లేదు, సున్నా. వైరు ఊడిందేమో అని చెయ్యి జాక్ దగ్గరికి పోతుంది, ఈలోపు మళ్లీ మీద పడుతుంది. మామూలు రాక్ బ్యాండ్ స్టేజీ మీద వాయిస్తే అంత శుభ్రంగా ఆగడం కుదరదు, తీగ కొంచెమైనా మోగుతూనే ఉంటుంది, అంటే ఇది కత్తిరించి పెట్టిన నిశ్శబ్దం అన్నమాట. ఇండస్ట్రియల్ (మెషీన్ శబ్దాలతో కట్టే సంగీతం) వాసన అంటే నాకు అదే, ఫ్యాక్టరీ చప్పుడు కాదు, మనిషి వాయించింది మెషీన్ కోసినట్టు తెలియడం. ఆ తర్వాత ఆవిడ గొంతు వస్తుంది చూడండి, అరవదు. ఇంత గోల మీద ఎవరైనా గొంతు చించుకుంటారు, ఈవిడ మాత్రం మైకుకి మూతి ఆనించి పక్కన కూర్చున్నవాళ్లతో చెప్పినట్టు పాడుతుంది, ఊపిరి పీల్చడం కూడా వినబడుతుంది, ఆ గోలంతా ఆవిడ చెప్పుచేతల్లో ఉన్నట్టు ఉంటుంది. వౌ పాటలో ముక్కలు ముక్కలుగా నత్తిగా మోగే గిటార్ ఉంటుంది కదా, దాని మీద పగ తీర్చుకుంటా అనే మాట అంత తాపీగా చెబితే ఒళ్లు జలదరిస్తుంది. అదే మాట అరిచి చెప్పుంటే మామూలు కోపం పాట అయ్యేది.

స్టుపిడ్ గర్ల్‌లో డ్రమ్స్ ద క్లాష్ బ్యాండ్ ట్రెయిన్ ఇన్ వెయిన్ పాట లోంచి తీసుకున్న లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే ముక్క), దొంగతనం కాదు, క్రెడిట్ ఇచ్చే తీసుకున్నారు. అమెరికా సోల్ సింగర్ జేమ్స్ బ్రౌన్ దగ్గర డ్రమ్స్ వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ కూడా ఈ ఆల్బమ్‌లో చెయ్యేశాడు, ఆయన అప్పట్లో ఉండేది మాడిసన్‌లోనే. హిప్‌హాప్ వాళ్లు ఎన్నిసార్లు ఆయన డ్రమ్స్‌ని సాంపిల్ చేసుకున్నారో లెక్కే లేదు, అలాంటి మనిషిని నేరుగా స్టూడియోకే పిలిపించుకున్నారు. ఇవి రాస్తే ఎంత బాగుండేది అసలు, సెక్సీ వాయిస్ అని రాసే చోటులో.

ఇంకోటి. ఓన్లీ హ్యాపీ వెన్ ఇట్ రెయిన్స్‌ని మీరు ఒక డిప్రెషన్ అమ్మాయి గోడు అన్నట్టు రాశారు. కాదండి బాబూ, అది వెక్కిరింత. అప్పట్లో ప్రతి రాక్ బ్యాండ్ నా బాధ చూడండి నా బాధ చూడండి అని పాడే కాలం, దాన్నీ అందులో భాగంగా తమనీ కలిపి ఎగతాళి చేస్తూ కట్టిన పాట అది. ట్యూను వినండి, ఎంత హుషారుగా గెంతుతూ ఉంటుందో, ఏడ్చేవాళ్లు అలా గెంతుతారా. మగవాడు ఇలాంటి పాట పాడితే సెటైర్ అంటాం, ఆడమనిషి పాడితే పాపం ఎంత బాధో అంటాం.

ఫీమేల్ ఫ్రంటెడ్ (ఆడమనిషి ముందుండి పాడే బ్యాండ్) అనే ట్యాగ్ మీద కూడా ఒక మాట. నైన్ ఇంచ్ నెయిల్స్ గురించి రాసేటప్పుడు మగ సింగర్ ఉన్న బ్యాండ్ అని ఎవరూ రాయరు. పైగా మీ వ్యాసం ఈ సంగీతంలోకి ఆడవాళ్లు 90లలో వచ్చారన్నట్టు ఉంది. ఇండస్ట్రియల్ అనే మాటకి మూలమే త్రాబింగ్ గ్రిసిల్ బ్యాండ్ 1976లో పెట్టుకున్న ఇండస్ట్రియల్ రికార్డ్స్ అనే లేబుల్, ఆ బ్యాండ్ నలుగురిలో కోజీ ఫానీ టూటీ ఒకరు, గిటార్, కార్నెట్ (ట్రంపెట్ లాంటి బూర) వాయించేది. అంటే మొదటి రోజు నుంచీ ఆడమనిషి ఉంది, అదీ వాయిద్యం పట్టుకుని. గార్బేజ్ కంటే ముందు 1992లో ఇంగ్లండ్‌లో కర్వ్ అనే బ్యాండ్ డాపెల్‌గాంగర్ అని మొదటి ఆల్బమ్ తెచ్చింది, టోనీ హాలిడే పాడింది, టోనీ అంటే మగ పేరు అనుకునేరు, ఆవిడే. గిటార్ల హోరు, మెషీన్ బీటు, మధ్యలో చల్లటి గొంతు, అన్నీ అందులో ఉన్నాయి. గార్బేజ్ వచ్చినప్పుడు కర్వ్‌తో పోల్చినవాళ్లు తక్కువేం కాదు, నన్నడిగితే ఆ పోలికలో న్యాయం ఉంది. సిరీస్‌లో ఆ ఆల్బమ్‌కి కూడా ఒక వారం ఇవ్వండి.

నేనేదో వీరాభిమానిని అనుకోకండి. అసలు సిసలు ఇండస్ట్రియల్ వినేవాళ్లు గార్బేజ్‌ని చూసి మూతి తిప్పుకుంటారు, ఇది పాప్ బాబూ, ఇనుప చొక్కా తొడుక్కున్న పాప్ అంటారు, సగం నాకూ అదే అనిపిస్తుంది. రెండో సగంలో డాగ్ న్యూ ట్రిక్స్ నుంచి ఫిక్స్ మీ నౌ దాకా కొంచెం సాగుతుంది, రెండు పాటలు తీసేసినా నష్టం లేదు. చివర్లో మిల్క్ వచ్చి కాపాడుతుంది, నెమ్మదిగా, దాదాపు గిటార్ల గోలే లేకుండా. బాగా కష్టపడి కట్టిన ట్రాకుల్లో ఒక్కోసారి శబ్దాలు ఎక్కువైపోయి పాట ఊపిరాడనట్టు ఉంటుంది, యాజ్ హెవెన్ ఈజ్ వైడ్ నాకు అలాగే అనిపిస్తుంది, టెక్నో బీటు మీద టెక్నో బీటు. ఇవి విమర్శలు, ఇలాంటివి రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

అమ్మకాలు, అవార్డుల సంగతి మీరు బాగానే రాశారు, 1995 ఆగస్టులో అమెరికాలో విడుదలై ప్రపంచం మొత్తం మీద నలభై లక్షలు దాటి అమ్ముడుపోవడం, 1997 గ్రామీల్లో బెస్ట్ న్యూ ఆర్టిస్ట్ నామినేషన్, అవన్నీ కరెక్టే. 1999లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమాకి టైటిల్ పాట పాడింది కూడా ఈ బ్యాండే అని కలిపి ఉంటే కొత్త పాఠకులకి టక్కున తగిలేది.

నేను అడిగేది రెండే. వచ్చే ఆదివారం ఎక్కడో మూలన అయినా సరే, ఆ ఆల్బమ్ పాటల క్రెడిట్ నలుగురిదీ అని, అందులో షర్లీ మాన్సన్ ఒకరని ఒక లైను వేయండి. రెండోది, ఈ సిరీస్ రాసే ఆయన ఎవరో గానీ బాగానే రాస్తారు, నెవర్‌మైండ్ మీద రాసింది కట్ చేసి దాచుకున్నా కూడా, ఆయన్ని ఈసారి ఆడమనిషి పాడిన ఆల్బమ్ వచ్చినప్పుడు ఫొటో పక్కన పెట్టేసి ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకోమనండి.

ఇట్లు,
మీ ఆదివారం పేజీ పాఠకురాలు