అమ్ములూ, నువ్వు ప్రార్థన చేయలేకపోయినా సరే

అమ్ములూ,

ప్రభువు పేరట నీకూ అల్లుడుగారికీ వందనాలు. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం.

మొన్న ఫోన్లో "నాన్నా, మోకాళ్ళ మీద కూర్చుంటే నోట్లోంచి మాట రావట్లేదు, ఇంక నావల్ల కాదు" అన్నావు. నాకు ఏమనాలో తెలియక "భోంచేశావా తల్లీ" అని అడిగి పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్లో చెప్పలేనిది కాగితం మీద అయినా చెప్పగలనేమోనని రాస్తున్నాను.

ముందు ఒక మాట. బిడ్డ పోయాక మిమ్మల్ని పరామర్శించడానికి వచ్చినావిడ ఎవరో, "మీ ప్రార్థనలో ఎక్కడో లోపం ఉండి ఉంటుంది" అందన్నావు కదా. అది నిజం కాదు. కోపంతో అనడం లేదు, బైబిలు ఎదురుగా పెట్టుకునే రాస్తున్నాను. బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక, నీలో ఏదో పాపం ఉందని వెతకడమే సరిపోయింది. చివరికి దేవుడు కోప్పడింది వాళ్ళ మీద. తాను పుట్టిన రోజునే శపించుకుని, దేవుణ్ణి నిలదీసి అడిగిన యోబును మాత్రం "నా సేవకుడు" అన్నాడు.

ఇప్పుడు మీ నాయనమ్మ సంగతి చెప్తాను. నీకు కొంత తెలుసు, మొత్తం తెలియదు. ఆమె ఉండగా ఈ మాట ఎత్తడానికి నాకు ధైర్యం చాలలేదు.

1977 నవంబరు 19, శనివారం, దివిసీమ ఉప్పెన రోజు. నాకు ఎనిమిదేళ్ళు, చెల్లికి రెండు నిండలేదు. పొద్దున్నుంచీ గాలి. తాతయ్య చేలో ఉన్నాడు, అది వరి కోతల కాలం. సముద్రం ఊళ్ళోకి వస్తుందని ఎవరు అనుకుంటారు? నీళ్ళు 5 మీటర్ల ఎత్తున వచ్చాయని తర్వాత లెక్క కట్టారు. మాకు కనబడింది మాత్రం నల్లటి గోడ. మా అమ్మ, అంటే మీ నాయనమ్మ, నన్ను తుమ్మచెట్టు మీదకు తోసింది. తను ఒక చేత్తో కొమ్మ, ఒక చేత్తో చెల్లి అరచెయ్యి పట్టుకుంది. రాత్రి ఏ వేళప్పుడో ఆ చెయ్యి జారిపోయింది. అమ్మ అరిచిన అరుపు గాలిలో నాకు సగమే వినబడింది.

ఆ ఉప్పెనలో మొత్తం దాదాపు 10 వేల మంది పోయారని ప్రభుత్వం చెప్పింది. అందులో చెల్లి ఒకటి. తెల్లారితే ఆదివారం, ఆరాధన లేని ఆదివారం.

నువ్వు చిన్నప్పుడు అడిగేదానివి గుర్తుందా, "నాయనమ్మ రోడ్డు దాటించేటప్పుడు చెయ్యి పట్టుకోకుండా మణికట్టు ఎందుకు పట్టుకుంటుంది, నొప్పెడుతోంది" అని. అరచెయ్యి జారుతుంది, మణికట్టు జారదు. అందుకు. బతికినన్నాళ్ళూ ఆవిడ ఎవరినీ అరచెయ్యి పట్టుకోలేదు.

ఆ తర్వాత చాలామంది సాయానికి వచ్చారు. మదర్ థెరిసా కూడా వచ్చారు. మన సంఘం పాస్టరు అయ్యగారు మాత్రం మూడు వారాలు ప్రసంగమే చేయలేదు. పగలంతా పార పట్టుకుని గుంటలు తవ్వేవారు, సాయంత్రం మా గుడారాల దగ్గర కూర్చుని 88వ కీర్తన చదివి లేచి వెళ్ళిపోయేవారు. ఆ కీర్తన ఒకసారి తీసి చూడు. మిగతా కీర్తనల్లో ఏడ్చినవాడు చివరికి ఎక్కడో ఒకచోట స్తుతిస్తాడు. ఇందులో అదీ లేదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్నచోట ఆగిపోతుంది. అయినా అది బైబిల్లో ఉంది. దేవుడు దాన్ని తీసేయించలేదు.

అమ్మ ప్రార్థన ఆ రోజుల్లో ఒక్క వాక్యమే. తుఫానులో యేసు శిష్యులు దోనెలో అరిచిన మాట, "మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా?" అందరూ బతికించినందుకు స్తోత్రాలు చెప్తుంటే అమ్మ ఇదే అనేది. నాకు భయం వేసేది, దేవుడికి కోపం వస్తుందేమోనని. ఒకరోజు అయ్యగారినే అడిగేశాను. ఆయన చెప్పింది ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఒరే అబ్బాయ్, యేసు అమరం దగ్గర, పడవ వెనక వైపు, పడుకుని ఉన్నాడు. పడవలో లేనివాణ్ణి ఎవరూ లేపరు కదా. మీ అమ్మ లేపుతోంది."

మార్కు సువార్తలో ఈ సంగతి రాసినచోట ఇంకొకటి చూడు. "మీరింకను నమ్మికలేక యున్నారా" అని యేసు అడిగిన మాట నిజమే. కానీ ముందు లేచి గాలిని గద్దించాడు. సముద్రం నిమ్మళించాకే వాళ్ళను అడిగాడు. అలల్లో కొట్టుకుంటున్నవాళ్ళకు పాఠం చెప్పలేదు.

"మేలుకలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అన్న వాక్యం నేను నమ్ముతాను. నా బతుకంతా దాని మీదే నిలబడింది. కానీ ఏడో నెలలో బిడ్డను పోగొట్టుకుని మంచం మీద ఉన్న నా కూతురికి నేను ఆ వాక్యం చెప్పను. అది నీకు దేవుడే చెప్పాలి, ఆయనకు తోచిన రోజున.

చెల్లి ఎందుకు పోయిందో తనకు అర్థమైందని అమ్మ చనిపోయేదాకా అనలేదు. ఆదివారం ఆదివారం గుడికి మాత్రం వెళ్ళింది. మొదట్లో వెనక తలుపు దగ్గర కూర్చునేది, పాట వచ్చినప్పుడు నోరు కదిలేది కాదు. ఎప్పుడు మళ్ళీ పాడడం మొదలుపెట్టిందో నాకు తెలియదు. నేను కాలేజీలో ఉండగా ఒకసారి సెలవులకు వచ్చి పక్కన కూర్చున్నాను, పాడుతోంది.

మన చేలు కూడా అంతే తల్లీ. ఉప్పెన నీళ్ళు తీశాక నేలంతా తెల్లటి ఉప్పు పొర. తాతయ్య కాలవ నీళ్ళు పెట్టేవాడు, నిలవబెట్టేవాడు, మురుగు కాలవలోకి వదిలేసేవాడు. మళ్ళీ పెట్టేవాడు. మొదటిసారి వేసిన నారు ఎర్రబడి చచ్చిపోయింది. తాతయ్య నేలను తిట్టలేదు, మళ్ళీ నీళ్ళు పెట్టాడు.

నిన్న రాత్రి మార్కు రెండో అధ్యాయం చదువుతుంటే ఒక మాట దగ్గర ఆగిపోయాను. పక్షవాయువు వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి, మంచంతో సహా కిందికి దించుతారు. అక్కడ "యేసు వారి విశ్వాసము చూచి" అని ఉంది. వారి విశ్వాసము! మంచం మీద ఉన్నవాడు నోరు తెరిచి అడిగినట్టు లేదు. మోసినవాళ్ళ విశ్వాసం చూశాడు ఆయన. ఇన్నేళ్ళూ చదివిన వాక్యమే, నీ కోసం ఇప్పుడు కనబడింది.

అందుకని నీకు ప్రార్థన రాకపోతే బలవంతాన చేయకు. నీ వంతు కూడా అమ్మా నేనూ చేస్తున్నాం, తెల్లవారుజామున నాలుగింటికి. నీ పేరు చెప్తున్నాం, అల్లుడుగారి పేరు చెప్తున్నాం. పాపకు మీరు పెట్టాలనుకున్న పేరు కూడా చెప్తున్నాం. అల్లుడుగారు బయటికి ఏడవడం లేదన్నావు, ఆయన్ని కూడా కాస్త కనిపెట్టుకుని ఉండు.

గురువారం విజయవాడ వచ్చి రైలెక్కుతాం. పని మాన్పించి ఎవరినీ స్టేషనుకు పంపకు, మేమే ఆటోలో వచ్చేస్తాం. అమ్మ సున్నుండలు చుడుతోంది, వెల్లుల్లి కారం దంచింది. బిడ్డ ఒళ్ళో లేకపోయినా నువ్వు బాలింతవే, పత్యం అమ్మే చూసుకుంటుందట. చన్నీళ్ళలో చేతులు పెట్టొద్దని మరీ మరీ రాయమంది.

మీ నాన్న