వాచీలోని నాడి లెక్క ఎవరి సొత్తు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన సంక్రాంతికి మా అబ్బాయి నా చేతికి స్మార్ట్ వాచీ కట్టాడు. అడుగున పచ్చ లైటు మిణుకుమిణుకుమంటూ నాడి లెక్కపెడుతుంది. రాత్రి నేనెన్నిసార్లు లేచానో మా ఆవిడ కంటే దానికే బాగా తెలుసు. ఆ లెక్కంతా ఎక్కడికి పోతోందిరా అంటే, ‘కంపెనీ సర్వర్‌కి నాన్నా’ అన్నాడు తాపీగా.

ఆ లెక్కల్లోంచి మన పేరు తీసేస్తే చాలనుకోవడం పొరపాటు. పరుగు, సైకిల్ దారులను నమోదుచేసే స్ట్రావా యాప్ పటంలో ఎవరి పేరూ లేదు. అయినా సైనికులు పరుగెత్తిన దారులు వెలుగు గీతల్లా కనబడి, అఫ్గానిస్తాన్, సిరియాల్లోని స్థావరాల ఆనవాళ్లు 2018 జనవరిలో రచ్చకెక్కాయి.

విరుగుడు లేకపోలేదు. 2016లో గూగుల్ పరిశోధకులు ‘ఫెడరేటెడ్ లెర్నింగ్’ అని పేరుపెట్టిన పద్ధతిలో మన సమాచారం మన ఫోను దాటదు. ఫోనులోని ప్రోగ్రాం అక్కడే నేర్చుకున్న సారం మాత్రం బయటికెళుతుంది. ఆ సారంలోంచీ గుట్టు లాగొచ్చు కాబట్టి కావాలని కొంత ‘నాయిస్’, అంటే లెక్కను కాస్త చెదరగొట్టే అడ్డదిడ్డమైన అంకెలు, కలుపుతారు. అది ఎక్కువైతే గుండె లయ తప్పినా వాచీ పసిగట్టలేదు, తక్కువైతే గుట్టు దాగదు. ఈ పాళ్లు కుదర్చడం ఒక్క కంప్యూటర్ వాళ్ల పని కాదు. డాక్టరు, సెన్సర్ ఇంజినీరు, లాయరు కలిసి కూర్చోవాలి. యూరప్‌లో మేరీ క్యూరీ డాక్టొరల్ నెట్‌వర్కులు అనే పీహెచ్‌డీ పథకాలు పరిశోధక విద్యార్థులకు పలు దేశాల విశ్వవిద్యాలయాల్లో, కంపెనీల్లో ఉమ్మడిగా తర్ఫీదిస్తున్నాయి.

మనకు 2023లో డేటా రక్షణ చట్టమైతే వచ్చింది. హైదరాబాద్ చెంత ఐఐటీ ఉంది, నగరంలో నిమ్స్ ఆసుపత్రి ఉంది. రెండింటి నడుమ ఇలాంటి ఉమ్మడి పీహెచ్‌డీ ఒకటి మొదలుపెట్టాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ