కొలతల పాఠంలో డేటా ఫ్రేమ్

సంపాదకులకు నమస్కారం.

సైన్సు, ఇంజినీరింగ్ విద్యార్థులకు ప్రోగ్రామింగ్ నేర్పేటప్పుడు లూపులు (ఒకే పనిని పదేపదే చేయించే ఆదేశాలు), అర్రేలతో (ఒకే రకం విలువల వరుసలతో) మొదలుపెట్టి దాదాపు అక్కడే ఆపేయడం అలవాటైపోయింది. కొలతలతో పనిచేసేవారికి నిత్యం అక్కరకొచ్చే డేటా ఫ్రేమ్ (ప్రోగ్రామ్‌లో సమాచారాన్ని అడ్డు, నిలువు వరుసల పట్టికగా దాచే రూపం) వంతు చివరికెప్పుడో, తీరిక మిగిలితే వస్తుంది. ఈ వరుస మారాలి.

ప్రయోగశాలలోని కొలతలైనా, యంత్రాల సెన్సార్లు పంపేవైనా ఒకే రకంగా ఉండవు. ఒక నిలువు వరుసలో సమయం, మరొకదానిలో ఉష్ణోగ్రత, ఇంకొకదానిలో పరికరం పేరు ఉంటాయి. వీటిని వేర్వేరు అర్రేలలో దాచుకున్నవారు ఒకదాన్ని ఆరోహణ క్రమంలో పేర్చి మిగతావాటిని మరిచిపోతే, ఏ ఉష్ణోగ్రత ఏ పరికరానిదో తారుమారవుతుంది. ప్రోగ్రామ్ మాత్రం కిమ్మనకుండా జవాబు ఇచ్చేస్తుంది. డేటా ఫ్రేమ్‌లో ప్రతి నిలువు వరుసకూ సొంత పేరు, సొంత రకం ఉంటూనే, ఎలా పేర్చినా అడ్డు వరుస చెదరదు.

ఇదేమీ నిన్నమొన్నటి ఆలోచన కాదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో గణాంకాల కోసం పుట్టిన ఎస్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 1990ల ఆరంభానికే రూపు దిద్దుకుని, ఆ బాటలోనే వచ్చిన ఆర్ భాషకు సంక్రమించింది. 2008లో వెస్ మెకిన్నీ మొదలుపెట్టిన పాండాస్ అనే లైబ్రరీ (సిద్ధంగా ఉన్న ప్రోగ్రామ్‌ల సంచయం) ద్వారా పైథాన్ భాష వాడేవారికీ అందింది.

నా దృష్టిలో దీని అసలు విలువ ఖాళీల దగ్గర తెలుస్తుంది. సెన్సార్ ఆగిపోయిన గంటకు సున్నా వేస్తే సగటు పాడవుతుంది. డేటా ఫ్రేమ్ దాన్ని లేని విలువగానే గుర్తుపెట్టుకుంటుంది. సగటు కట్టేటప్పుడు పాండాస్ ఆ ఖాళీలను తనంతట తానే వదిలేస్తుంది. ఆర్ అయితే మనం వదిలేయమని చెప్పేదాకా సగటే లేదంటుంది. మొండిగా కనిపించినా, రెండవదే నిజాయితీగల పద్ధతి.

వీటన్నిటికీ స్ప్రెడ్‌షీట్ చాలదా అనేవారున్నారు. చిన్న లెక్కకు చాలుతుంది. అయితే 2020 సెప్టెంబరు, అక్టోబరు మధ్య ఇంగ్లండ్‌లో దాదాపు 16,000 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కకెక్కలేదు. పాత ఎక్సెల్ ఫైలు 65,536 అడ్డు వరుసలకు మించి పట్టకపోవడమే అందుకు కారణం. డేటా ఫ్రేమ్‌కు అంత చిన్న గీత లేదు, ఆచరణలో కంప్యూటర్ మెమరీయే దాని హద్దు. పైగా చేసిన ప్రతి మార్పూ ప్రోగ్రామ్‌లో రాసి ఉంటుంది కనుక, వేరొకరు అదే ఫైలుతో లెక్కను మొదటినుంచీ సరిచూడవచ్చు.

చిత్రాలకు, వాతావరణ నమూనాల వంటి బహుపరిమాణ లెక్కలకు అర్రేలే తగినవి. వాటిని పక్కనపెట్టమనడం లేదు. తొలి వారాల్లోనే విద్యార్థుల చేతికి ఖాళీలున్న నిజమైన కొలతల ఫైలు ఒకటిచ్చి, డేటా ఫ్రేమ్‌తో దాన్ని చక్కదిద్దమని అడిగేలా పాఠ్యప్రణాళికను సవరించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు