బీచ్ గుర్రాల పెంపకందార్ల సంఘం, విశాఖపట్నం: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనంతా దోమల చుట్టూనే తిరిగింది కాబట్టి ముందు ఆ సంగతే చెప్తాను.

ఆగస్టు వానల్లో మన సభ్యుడొకరి ఆడగుర్రం ఉలవలు ముట్టడం మానేసింది. మర్నాటికి కింది పెదవి ఒక పక్కకి జారిపోయింది. తొట్టిలో మూతి పెడుతోంది గానీ గుటక పడట్లేదు, వెనక కాళ్ళు తూలుతున్నాయి. డాక్టరుగారు మెదడువాపు అనుమానంతో రక్తం తీసి పంపారు. సాయంత్రానికల్లా ఆ మాట ఆర్కే బీచ్ అంతా పాకింది. గుర్రం ఎక్కితే పిల్లలకు జ్వరం అంటుకుంటుందని తల్లిదండ్రులు వెనక్కి తిరిగిపోయారు. రెండు వారాలు బేరాల్లేవు. చివరికి రిపోర్టులో అది మెదడువాపు కాదని తేలింది. గుర్రం మెల్లగా కోలుకుంది.

అందరూ గుర్తుపెట్టుకుని, అడిగినవాళ్ళకి ఓపిగ్గా చెప్పాల్సింది ఇది. మన దేశంలో కనిపించే జపనీస్ మెదడువాపు వైరస్ కొంగల్లోనూ పందుల్లోనూ పెరుగుతుంది. ఆ రక్తం తాగిన ఆడ క్యూలెక్స్ దోమలో వైరస్ పెరిగి, ఒకటి రెండు వారాల్లో లాలాజలంలోకి చేరుతుంది. ఆ తర్వాత అది కుడితే గుర్రానికీ రావచ్చు, మనిషికీ రావచ్చు. గుర్రం రక్తంలో మాత్రం ఇంకో దోమకు ఎక్కేంత వైరస్ ఉండదు. అందుకే దాన్ని ఎక్కినవాళ్ళకు గానీ, పక్కనున్న గుర్రాలకు గానీ దాని నుంచి రాదు. మన వాట్సాప్‌లో తిరిగిన వీడియో వెనిజులా రకం గుర్రాల మెదడువాపు గురించి. దాంట్లో గుర్రాల నుంచి దోమలకు బాగా ఎక్కుతుంది, కానీ అది అమెరికా ఖండాల జబ్బు.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి శాల వెనక గెడ్డ పక్కన గడ్డి పట్టిన గుంటలోకి టార్చి వేసి చూశాం. లార్వాలు తలకిందులుగా వేలాడుతున్నాయి. చెంబుతో కదపగానే అన్నీ ఒక్కసారి అడుక్కి దిగిపోయాయి. మన గుర్రాలకు పది అడుగుల దూరంలో! నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ గుంట పూడ్చేశాం. పూడ్చలేనివాటిలో దోమ లార్వాలను తినే గంబూసియా చేపలు వదిలాం. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి ప్రతి శుక్రవారం తొట్లు ఖాళీ చేసి, తోమి, ఎండబెడుతున్నాం. ఈ దోమ చీకటి పడ్డాకే ఎక్కువగా కుడుతుంది. మన బేరాలూ సాయంత్రమే. ఒడ్డున గాలికి దోమ నిలవదు గానీ, శాలకు తిరిగొచ్చాక గుర్రాన్ని బయట కట్టేయకండి, వెంటనే తెర లోపలికి తోలండి. తలుపులు మూసి వేపపొగ వేసే అలవాటు మానమని బతిమాలుతున్నాను, గుర్రం ఊపిరితిత్తులకు చేటు. పందులు పెంచేవాళ్ళతో మాట్లాడాం. వాళ్ళదీ బతుకుతెరువే, దొడ్లు కొంచెం దూరం జరుపుతామన్నారు.

ధనుర్వాతం టీకాలు, నాడాల పని ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి చదువుతారు.

ఇంకా రెండు శాలలకు దోమతెరలు లేవు. జూన్‌లో వానలు రాకముందే వాటికి డబ్బు మంజూరు చేయాలని ఈ సభను కోరుతున్నాను.

కార్యదర్శి