బీదర్ వెళ్లొచ్చిన సంగతి

హైదరాబాదు,
2020 డిసెంబరు

ప్రియమైన మిత్రమా,

మొన్న ఫోన్‌లో కర్ణాటకలోని బీదర్ వెళ్లొచ్చామని చెప్పగానే అంతెత్తున లేచావు. కరోనా ఇంకా పోలేదు, ఇంట్లో పెద్దావిడ ఉంది, ఇప్పుడు కోటలు చూడకపోతే కొంపలు మునుగుతాయా అని అడిగావు. నీ కోపం నా మంచికేనని నాకు తెలుసు. మీ మామగారు ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో నువ్వు పడిన యాతన కూడా తెలుసు. అందుకే అప్పుడు ఎదురు చెప్పలేదు. కానీ ఎందుకు వెళ్లానో నీకు కాకపోతే ఇంకెవరికి చెప్పుకుంటాను? ఆదివారం మధ్యాహ్నం, అందరూ కునుకు తీస్తున్నారు. తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువు.

ముందు నీ భయం తీరుస్తాను. అమ్మను మేం బయలుదేరకముందే చెల్లెలి ఇంటికి పంపించాం. మాకు ఏ లక్షణాలూ లేవని నిర్ధారించుకున్నాకే తీసుకొస్తాం. వెళ్లింది సొంత కారులో, నేనూ మా ఆవిడా పాపా మాత్రమే. ఇక్కడి నుంచి బీదర్ 140 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. సంగారెడ్డి మీదుగా జహీరాబాద్ దాకా ముంబయి రహదారి, అక్కడ కుడివైపు తిరిగితే ఇక ఎర్రనేల, కంది చేలు. పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కులో టీ అన్నీ ఇంటి నుంచే. దారిలో హోటళ్ల జోలికి పోలేదు, ఒక చింతచెట్టు కింద ఆగి తిన్నాం. రాష్ట్రాల మధ్య ప్రయాణానికి పాసులు అడగొద్దని కేంద్రం ఆగస్టులోనే చెప్పింది కాబట్టి సరిహద్దులో ఎవరూ ఆపలేదు. రాత్రి బస చేసిన గదిలో కిటికీలన్నీ తెరిచి, మా దుప్పట్లే పరుచుకున్నాం. చూసినవాటిలో చాలావరకు ఆరుబయట కట్టడాలే. మార్చిలో మూసేసిన పురావస్తు శాఖ కట్టడాలను జులై 6 నుంచి మళ్లీ తెరవనిచ్చారు కదా, నవంబరు నెలాఖరు చలిలో అక్కడ జనమే లేరు.

ఇప్పుడు అసలు సంగతి. నాకు బడి మీద బెంగ పట్టుకుందిరా. నువ్వూ పంతులువే కాబట్టి అర్థం చేసుకుంటావు. సెప్టెంబరు 1 నుంచి మా పిల్లలకు దూరదర్శన్ యాదగిరిలో, తెలంగాణ ప్రభుత్వ చదువుల ఛానెల్ టీశాట్‌లో పాఠాలు వస్తున్నాయి. ఇంట్లో ఒక్క ఫోను ఉంటే దాన్ని నాన్న పనికి తీసుకెళ్తాడు, టీవీ ఉంటే కరెంటు ఉండదు. నేను బడికి వెళ్లి ఖాళీ బెంచీల మధ్య కూర్చుని, సందేహాలు అడగడానికి ఎవరైనా ఫోన్ చేస్తారేమోనని ఎదురుచూస్తాను. తొమ్మిదో తరగతి గదిలో నల్లబల్ల మీద మార్చిలో నేను రాసిన తేదీ మొన్నటిదాకా అలాగే ఉంది. చెరపడానికి చేతులు రాలేదు. అలాంటి మనసుతో ఉన్నప్పుడే బీదర్‌లో మహమూద్ గవాన్ కట్టించిన పాతకాలపు విద్యాలయం, ఆ మదరసా గుర్తొచ్చింది. ఎం.ఏ.లో దాని గురించి పరీక్ష కోసం బట్టీ పట్టాం తప్ప ఇద్దరిలో ఒక్కరమూ చూడలేదు.

చూశాక నోట మాట రాలేదు. పాత బీదర్ వీధుల్లో చౌబారా గడియార బురుజు దాటి కొంచెం ముందుకు వెళ్తే, ఇళ్ల మధ్య నుంచి ఒక్కసారిగా ఆ మినార్ లేస్తుంది. 1472లో కట్టిన విద్యాలయం, మూడు అంతస్తులు. తరగతి గదులు, గ్రంథాలయం, మసీదు, గురువులకూ విద్యార్థులకూ ఉండే గదులు అన్నీ ఒకే కప్పు కింద. అప్పట్లో 3,000 రాతప్రతులు ఉండేవని చెబుతారు. ముందువైపు ఒకప్పుడు రెండు మినార్లు. 1696లో జరిగిన పేలుడులో ఒకటి పోయింది, ముఖద్వారమూ దక్షిణ భాగమూ చాలామేర కూలిపోయాయి. మిగిలిన మినార్ మీద ఇప్పటికీ నీలం, ఆకుపచ్చ, పసుపు, తెలుపు పలకలు వంకీలు తిరుగుతూ పైకి పాకుతాయి. కొన్నిచోట్ల పలక రాలిపోయి సున్నం మాత్రమే కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఒక్కో నీలం పలకలో నీలం ఒక్కలా ఉండదు, ఒకటి ముదురు, పక్కది కాస్త వెలిసినది. ఎండ పడినప్పుడు ఆ తేడా వల్లే గోడ కదులుతున్నట్టు అనిపిస్తుంది.

లోపల విద్యార్థులు ఉండిన చిన్న గదుల్లో ఒకదాని గడప మీద చాలాసేపు కూర్చున్నాను. ఆ బడి కట్టించినవాడు ఇరాన్‌లోని గీలాన్ నుంచి వ్యాపారిగా వచ్చినవాడు. దక్కన్‌ను ఏలిన బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యాడు, అయినా చాప మీద పడుకుని, మట్టికుండలో వండుకుని బతికాడంటారు. ఆస్థానంలో స్థానిక ప్రముఖులైన దక్కనీలకూ, ఆయనలా బయటి దేశాల నుంచి వచ్చిన పరదేశీలకూ పడేది కాదు. దక్కనీ పక్షం వాళ్లు ఆయన ముద్ర ఉన్న ఖాళీ కాగితం సంపాదించి, దాని మీద ఒడిశా గజపతికి దండెత్తి రమ్మని పిలుస్తున్నట్టు దొంగ ఉత్తరం రాసి సుల్తాను చేతికిచ్చారు. 1481లో, డెబ్బై దాటిన వయసులో, విచారణ కూడా లేకుండా తల తీయించాడు సుల్తాను. మరుసటి ఏడాదే తానూ పోయాడు. ఆ తర్వాత రాజ్యం అయిదు ముక్కలైంది, అందులో ఒక ముక్కే మన గోల్కొండ. ఈ కథంతా పరీక్షల్లో రాశాం, మార్కులూ వచ్చాయి. కానీ ఆ గడప మీద కూర్చున్నప్పుడు నాకు ఆయన చావు కంటే ఆయన బడి మూతపడటమే ఎక్కువ బాధ కలిగించింది.

అక్కడి నుంచే పిల్లల కోసం ఫోన్‌లో చిన్న వీడియో తీశాను. మాస్కు పెట్టుకునే మినార్ చూపించాను, గదులు చూపించాను, గవాన్ గురించి చెప్పాను. ఆ రాత్రే గ్రూపులో పెట్టాను. మామూలుగా మౌనంగా ఉండే పిల్లలు కూడా పొద్దున్నకల్లా ప్రశ్నలు పంపారు. ఒక అమ్మాయి అడిగింది, "సార్, ఆ గదుల్లో ఆడపిల్లలు కూడా ఉండేవారా?" అని. ఆ ఒక్క ప్రశ్న కోసం ఎన్ని కిలోమీటర్లయినా వెళ్లొచ్చు అనిపించింది. దాని చుట్టూ ఒక పాఠమే తయారు చేస్తున్నాను.

కోట గురించి ఎంతయినా రాయొచ్చు గానీ, చూడవలసిందే తప్ప చెబితే రాదు. ఎర్రరాయి తొలిచి తీసిన మూడు వరసల కందకం, రంగీన్ మహల్‌లో నల్లరాతిలో పొదిగిన ముత్యపు చిప్ప తళుకు, ఈ రెండూ మర్చిపోలేను. ఊరి బయట అష్టూరులో పిడుగుపాటుకు సగం విరిగి నిలబడిన బహమనీ సుల్తాను హుమాయూన్ షా సమాధి చూసి పాప కాసేపు నా చెయ్యి వదల్లేదు. పక్కనే ఇంకో బహమనీ సుల్తాను అహ్మద్ షా సమాధి లోపల గోడలనిండా రంగులే. హిందువులూ ముస్లింలూ ఇద్దరూ అక్కడ మొక్కుకుంటారు.

నల్లటి లోహంలో వెండి పొదిగే బీదర్ కళ, ఆ బిద్రీ పనివాళ్ల సంగతి మాత్రం చెప్పితీరాలి. ఒక చిన్న దుకాణం ముందు, వీధి అరుగు మీద ఒక పెద్దాయన పని చేసుకుంటున్నారు. మేం మాస్కులతో దూరంగా నిలబడి చూశాం. జింకు, కొద్దిగా రాగి కలిపి పోతపోసిన కూజా. దాన్ని మైలుతుత్తంతో తాత్కాలికంగా నల్లగా చేసి, కంటికి కనిపించేలా ఉలితో చేత్తోనే తీగలు, ఆకులు చెక్కుతారు. ఆ గాట్లలో వెండి తీగ పెట్టి సుత్తితో మెల్లగా తడుతూ కూరుస్తారు. చివరికి కోటలోంచి తెచ్చిన మట్టిని నవాసాగరంతో కలిపి వేడి మీద రుద్దితే, జింకు ఎప్పటికీ పోని నలుపు తిరుగుతుంది, వెండి మాత్రం తెల్లగానే మెరుస్తుంది. మార్చి నుంచి కొనేవాళ్లే లేరని, పర్యాటకులు వస్తేనే తమకు పొయ్యి వెలుగుతుందని ఆయన చెప్పారు. బేరం ఆడకుండా ఒక చిన్న కుంకుమ భరిణ కొన్నాం. ఇలాంటి ఊళ్లకు జాగ్రత్తగా వెళ్లేవాళ్లు వెళ్లాలి మిత్రమా. మనం ఇంట్లో కూర్చున్నంత కాలం జీతం వస్తుంది, ఆయనకు రాదు.

బీదర్‌లోని నరసింహ ఝరణి గుహాలయానికి మాత్రం వెళ్లలేదు. మూసుకుపోయినట్టుండే ఆ సొరంగంలో ఛాతీ లోతు నీళ్లలో జనంతో కలిసి నడవాలి, ఈ రోజుల్లో అది పనికిరాదు. టీకా వచ్చాక నువ్వు విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కు, ఇద్దరం కలిసి ఆ గుహకే ముందు వెళ్దాం. పిల్లల్నీ తీసుకురా. ఈలోగా ఒక పని చేసిపెట్టు. బహమనీల వంశవృక్షం నువ్వు చార్టు మీద గీసి నీ తరగతిలో తగిలించావు కదా, దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. సోమవారానికల్లా కావాలి. మామగారి ఆరోగ్యం ఎలా ఉందో కూడా రాయి, ఫోన్‌లో అడగడం కుదరలేదు.

నీ మిత్రుడు