పుట్టపాక తాతకు, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

నిన్న రాత్రి మా కాలేజీ ఫ్యాషన్ ఫైనల్ షో అయిపోయింది. ఒళ్ళంతా నొప్పులు, అయినా నిద్ర పట్టట్లేదు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. ఫోన్లు చేసినవాళ్ళకు, మెసేజ్‌లు పెట్టినవాళ్ళకు పేరుపేరునా కృతజ్ఞతలు. అమ్మ, నాన్న, తమ్ముడు ఉండనే ఉన్నారు, వాళ్ళకు విడిగా చెప్పేదేముంది.

నా కలెక్షన్ అంతా మునుగోడు దగ్గరి మా అమ్మమ్మ ఇల్లే. పండుగ వస్తే ఆమె అరుగులకు జాజు పూసి, అది ఆరినాక సున్నంలో వేలు ముంచి అంచుల వెంబడి గీతలు గీసేది. వంటింట్లో కట్టెల పొయ్యి పైన గోడంతా నల్లటి మసి. ఎరుపు, తెలుపు, నలుపు. నూనె పట్టించిన నూలుతో మా వైపు పుట్టపాకలో నేసే తేలియా రుమాలు రంగులు కూడా అవే అని కాలేజీలో తెలిసిన రోజు ఒళ్ళు జలదరించింది. అమ్మమ్మ పోయాక పంపకాలైనయి, ఇల్లు కూలగొట్టి స్లాబు వేశారు. నాకు మిగిలింది ఒక్క పాత ఫోటో.

నా కలెక్షన్‌కు తేలియా గుడ్డ నేసిస్తామని ఒప్పుకున్నవాళ్ళు చివర్లో కుదరదన్నారు. తేలియా అంటే ముందు నూలును ఆముదపు కాయల బూడిద నీళ్ళతో, నూనెతో రోజుల తరబడి పిసకాలి, ఎండబెట్టాలి, మళ్ళీ పిసకాలి. ఆ తర్వాత పడుగుకూ (నిలువు దారాలు) పేకకూ (అడ్డం దారాలు) విడివిడిగా చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట గట్టిగా కట్లు కట్టి, రంగులద్దాలి. నాకంత టైమ్ లేదు. టెన్షన్‌తో చౌటుప్పల్‌లో బస్సు దిగి, ఆటో పట్టుకుని పుట్టపాక పోయాను. ఊళ్ళో ఎవరూ తెలియదు. మగ్గం చప్పుడు వినబడ్డ ఇంటి ముందు నిలబడ్డా.

తాత మగ్గం గుంతలోంచి లేచి వచ్చి ముందు మంచినీళ్ళిచ్చాడు. అంతా విని లోపలి అర్రలోకి పోయి ఒక మూట తెచ్చాడు. అమ్మకానికి కాదట, తన కోసం ఒక రుమాలు నేసుకుందామని నూనె పట్టించి దాచుకున్న నూలు. అదే నా ముందు పెట్టాడు. నేను గీసుకుపోయిన డిజైన్, ఆ ఫోటో పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. "స్కేలు పెట్టి గీసినవ్ బిడ్డా. మీ అమ్మమ్మ వేలుతోని గీసింది గదా, గీత జర వణకాలె" అన్నాడు. రబ్బరు ముక్కతో చిటికి కట్టేటప్పుడు ఒక్కో కట్టును కావాలనే కొద్దిగా పక్కకు జరిపాడు. మగ్గం మీద ఆ తెల్లగీత అంచు వణుకుతూ వస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. అమ్మమ్మను ఎన్నడూ చూడని మనిషి ఆమె చేతి గీతను పట్టుకున్నాడు. కూలి తప్ప నూలుకు పైసా తీసుకోలేదు. తాతా, మీ పాదాలకు దండం.

ఆ ఇంటి అవ్వ ఆసు పోసింది, అంటే చిటికి కట్టే ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో వేలసార్లు తిప్పింది. పద్మశ్రీ చింతకింది మల్లేశం గారు తల్లి భుజాల నొప్పి చూడలేక ఈ పని చేసే ఆసు యంత్రం తయారు చేశారు. ఈ అవ్వ ఇప్పటికీ చేత్తోనే పోస్తోంది. యంత్రం కొనే స్తోమత లేదు. నూలు సబ్సిడీ అని ఎప్పుడో రాసుకుపోయారట, ఖాతాలో మాత్రం ఏమీ పడలేదు. తేలియా రుమాలుకు 2020లో జీఐ గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లుతుందనే గుర్తింపు) వచ్చిందని అందరం సంతోషపడ్డాం. కానీ సిటీలో ప్రింటు గుడ్డను తేలియా అని అమ్ముతుంటే అడిగేవాడు లేడు. పద్మశ్రీలు, అవార్డులు సంతోషమే, ముందు నేసేవాళ్ళ పైసలు టైముకు ఇవ్వండి సార్.

ఇంకా, రాత్రంతా కూర్చుని కుట్లు పూర్తి చేసిన టైలర్ భయ్యాకు థాంక్స్. జ్వరంతోనే నా దుపట్టా వేసుకుని ర్యాంప్ మీద నడిచిన రూమ్మేట్‌కు కూడా. తిరుగు ప్రయాణంలో చివరి బస్సు దొరికేదాకా నాతో పాటే నిలబడ్డ ఆటో అన్నకు కూడా, పేరు అడగడం మర్చిపోయాను.

అయ్యో, చెదలు పట్టిన ఫోటోను బాగు చేసిచ్చిన నల్గొండ క్లాక్‌టవర్ దగ్గరి స్టూడియో అన్న! అన్నా, నీ డబ్బులు ఇంకా బాకీ ఉన్నా, ఈ వారంలో వచ్చి ఇస్తా.