ఫోన్ పెట్టె మీద బ్యాండ్ల వివరం తెలుగులో ముద్రించాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

మన్యంలో కొత్త 4జీ టవర్లు లేస్తున్నాయి. అయినా టవర్ కిందనే ఉండి ఫోన్ పలకని ఇళ్లు ఇంకా మిగిలే ఉన్నాయి. కారణం వెతికితే చాలాసార్లు అది టవర్‌లో కాక, డబ్బు పోసి కొన్న ఫోన్‌లోనే కనబడుతోంది. ఆ ఫోన్ ఏయే బ్యాండ్ల (సిగ్నల్ మోసే తరంగాల శ్రేణుల) మీద పనిచేస్తుందో అమ్మేవారు చెప్పరు, అడగాలన్న సంగతి కొనేవారికి తెలియదు, పెట్టె మీద రాసి ఉండదు. ఈ లోపాన్ని సరిదిద్దవలసిన బాధ్యత ప్రభుత్వానిదని మీ పత్రిక ద్వారా విన్నవించదలచాను.

4జీ అంటే దేశమంతటా ఒకే తరంగం మీద నడిచే సేవ అని చాలామంది అనుకుంటారు. నిజానికి మన దేశంలో 4జీ కోసం 700, 850, 900, 1800, 2100, 2300, 2500 మెగాహెర్ట్జ్‌ల తరంగాలను వాడుతున్నారు. వీటికి అదే వరసలో బ్యాండ్ 28, 5, 8, 3, 1, 40, 41 అని అంతర్జాతీయంగా అంకెలున్నాయి. జియో 4జీ ప్రధానంగా 850, 1800, 2300 మీద నడుస్తుంది. ఎయిర్‌టెల్ 900, 1800, 2100, 2300 తరంగాలను సర్కిల్‌ను, అంటే టెలికాం సేవల ప్రాంతాన్ని బట్టి వాడుతుంది. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీకి 700, 2100 ముఖ్యమైనవి. (రాష్ట్రాలు విడిపోయినా టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నేటికీ ఒకే సర్కిల్.) ఎఫ్ఎం మాత్రమే ఉన్న రేడియోలో మీడియం వేవ్ స్టేషన్ ఎలా పలకదో, ఒక బ్యాండ్ అందుకునే ఏర్పాటు లోపల లేని ఫోన్‌లో ఆ బ్యాండ్ సిగ్నల్ అలాగే పలకదు. సెట్టింగులు ఎన్ని మార్చినా, సిమ్ ఎన్నిసార్లు తీసి పెట్టినా ఫలితం ఉండదు.

తరంగపు మెగాహెర్ట్జ్ సంఖ్య తగ్గేకొద్దీ సిగ్నల్ ఎక్కువ దూరం పోతుంది, గోడలు దాటుతుంది, కొండ మలుపుల వెనక కూడా కొంత అందుతుంది. 2300, 2500 తరంగాలు ఒకేసారి ఎక్కువమందికి ఎక్కువ డేటా ఇవ్వగలవు కాబట్టి విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాలకు సరిపోతాయి. జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల్లో గూడేనికి గూడేనికి నడుమ కొండ అడ్డం ఉంటుంది. అక్కడ వాటితో పని జరగదు, 700 వంటి తరంగమే దిక్కు. అందుకే సిగ్నల్ అసలు అందని 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వాలని 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం 26,316 కోట్ల రూపాయలతో ఆమోదించిన పథకాన్ని బీఎస్‌ఎన్‌ఎల్‌కు అప్పగించినప్పుడు, 700 తరంగానికి ఎంతో ప్రాధాన్యం వచ్చింది.

చిక్కంతా ఇక్కడే మొదలైంది. 2016 వేలంలో గాని, 2021 వేలంలో గాని 700 మెగాహెర్ట్జ్ తరంగాలను ఏ కంపెనీ కొనలేదు. 2022లో జియో కొన్నది 5జీ కోసం. అంటే బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ వచ్చేదాకా మన దేశంలో ఏ వాణిజ్య 4జీ సేవకూ బ్యాండ్ 28 అవసరం పడలేదు. అవసరం లేని బ్యాండ్‌కు ఖర్చెందుకని, భారత మార్కెట్‌కు చేసిన చవక ఫోన్లలో చాలావాటికి కంపెనీలు దాన్ని పెట్టలేదు. ఆనాటి వారి లెక్కను తప్పుపట్టను. కానీ ఆ ఫోన్లే నేటికీ సంతల్లో, పాత ఫోన్ల అంగళ్లలో, ఇంట్లో ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూ మన్యంలో తిరుగుతున్నాయి.

మా ప్రాంతంలో ఒక కొత్త టవర్ కింద, ఒకే అరుగు మీద, ఒకే కంపెనీ సిమ్‌లు వేసిన రెండు ఫోన్లను పక్కపక్కన పెట్టి చూశాను. ఒకదానిలో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, రెండోదానిలో ‘నో సర్వీస్’ అని ఉంది. రెండోదాని పెట్టె తెప్పించి నాలుగు పక్కలా చదివాను. రంగు, మెమరీ, గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, ఐఎంఈఐ నంబర్లు అన్నీ ఉన్నాయి, బ్యాండ్ల ఊసు లేదు. లోపలి కాగితంలో మాత్రం చీమ తలకాయంత ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక వరస ఉంది, అందులో 28 లేదు. ఆ ఇల్లాలికి దుకాణంలో చెప్పిన మాట, ‘ఫోర్‌జీ ఫోనేనమ్మా, ఇండియాలో ఎక్కడైనా పనిచేస్తుంది’ అని. చెప్పినాయన అబద్ధమాడాడని అనుకోను, ఆయనకూ తెలియదు. ఆమె మాత్రం పంట అమ్మిన డబ్బుతో కొన్న ఫోన్ పట్టుకుని, బ్యాంకు ఓటీపీ కోసం కొండ దిగి రావలసి వస్తోంది.

5జీ ఫోన్ కొంటే ఈ బెడద ఉండదన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. 5జీలోని ఎన్28, 4జీలోని బ్యాండ్ 28 ఒకే తరంగాలే అయినా సాంకేతికంగా వేర్వేరు. మొదటిది ఉన్న ఫోన్‌లో రెండోది తప్పక ఉంటుందని అనుకోకూడదు. దీనికి తోడు వోల్టీ, అంటే 4జీ మీదనే కాల్ మాట్లాడే ఏర్పాటు సంగతి ఉంది. 4జీ మీద మామూలు కాల్ మాట్లాడాలంటే ఆ నెట్‌వర్క్‌కు ఆ ఫోన్ మోడల్‌లో వోల్టీ పనిచేయాలి. టవర్ 4జీ ఒక్కటే ఇస్తూ, ఫోన్‌లో ఆ సౌకర్యం లేకపోతే, వాట్సాప్ నడుస్తుంది గాని 108కి ఫోన్ చేస్తే కలవదు. పురిటి నొప్పులు మొదలైన ఇంట్లో ఇదెంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు ధరలు పెంచాక బీఎస్‌ఎన్‌ఎల్‌కు పోర్టు అయిన వారు కూడా ఈ రెండు వివరాలూ చూసుకోవాలి.

అమెరికాలోని మనవాళ్లదీ ఇదే ఇబ్బంది. అక్కడ దూరప్రాంతాల కవరేజీకి టీ-మొబైల్ 600 మెగాహెర్ట్జ్‌లోని బ్యాండ్ 71ను, వెరైజన్ 700లోని బ్యాండ్ 13ను వాడతాయి. ఇవి ఇక్కడ అమ్మే చాలా ఫోన్లలో ఉండవు. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు ప్రయాణానికి ముందే మోడల్ నంబరు చూసి కనుక్కోవడం మంచిది. ఒకే పేరుతో వచ్చే ఫోన్‌కు దేశానికో మోడల్ నంబరు ఉంటుంది, బ్యాండ్లు దాన్ని బట్టి మారతాయి.

నా కోరిక ఒక్కటే. ధర, తయారీ నెల పెట్టె మీద ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనలు చెబుతున్నాయి. ఫోన్ల విషయంలో వాటికి ఒక వరస చేర్చి, ఏయే 4జీ, 5జీ బ్యాండ్లు ఉన్నాయో, వోల్టీ ఏ కంపెనీలకు పనిచేస్తుందో పెట్టె వెలుపల, అమ్మే రాష్ట్రపు భాషలో ముద్రించాలని కేంద్ర వినియోగదారుల శాఖ ఆదేశించాలి. అంకెలు జనానికి అర్థం కావని కంపెనీలు అనవచ్చు. అయితే అంకెల పక్కనే మన దేశంలోని ఒక్కో నెట్‌వర్క్ పేరు రాసి, దాని 4జీ బ్యాండ్లన్నీ అందుతాయా, కొన్నే అందుతాయా అన్నది రాయమనండి. ప్రతి ఫోన్‌లోనూ భారతీయ భాషలు చదవగలిగే ఏర్పాటు ఉండాలని నిబంధన పెట్టి అమలు చేయించిన ప్రభుత్వానికి, పెట్టె మీద నాలుగు వరసలు రాయించడం కష్టం కాదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కొనే వస్తువు ప్రమాణాన్ని తెలుసుకునే హక్కు మనకు ఇచ్చింది. ఫోన్ విషయంలో సిగ్నల్ అందడానికి మించిన ప్రమాణం ఏముంటుంది?

కవరేజీ మ్యాపుల సంగతి కూడా చెప్పాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా నాణ్యత నిబంధనల ప్రకారం కంపెనీలన్నీ తమ వెబ్‌సైట్లలో మ్యాపులు పెట్టాలి. ఇది మెచ్చుకోదగిన పని. కానీ ఆ మ్యాపుల్లో 2జీ, 4జీ, 5జీ అని సాంకేతికత వారీగా రంగులు వేస్తే సరిపోతోంది. 4జీ రంగు కింద ఉన్న గ్రామంలో నా ఫోన్ పలుకుతుందో లేదో తెలియాలంటే, అక్కడి టవర్ ఏ బ్యాండ్ మీద ఉందో కూడా చూపాలి. ట్రాయ్ ఈ ఒక్క వివరాన్ని జోడిస్తే మ్యాపు నిజంగా ఉపయోగపడుతుంది.

ఇవన్నీ ఢిల్లీలో తేలేసరికి కాలం పడుతుంది. ఈలోగా, గ్రామ సచివాలయం గోడ మీద ఆ ఊరి టవర్ ఏ కంపెనీది, ఏ బ్యాండ్ మీద నడుస్తోంది, ఫోన్ కొనేముందు ఏ అంకె చూసుకోవాలి అన్న మూడు ముక్కలు రాయించడానికి పై ఉత్తర్వులు అక్కరలేదు. కంపెనీల నుంచి వివరాలు తెప్పించి, పాడేరు, రంపచోడవరం, సీతంపేట ఐటీడీఏల (గిరిజనాభివృద్ధి సంస్థల) ప్రాజెక్టు అధికారులు ఈ పని వెంటనే చేయించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
పాడేరు, అల్లూరి సీతారామరాజు జిల్లా